అక్క ఆగే చోటు

సైకిలు మీద వచ్చే మనిషి కుడికి తిరగబోతున్నాడంటే ఆ సంగతి ముందు చెప్పేది అతని చెయ్యి కాదు, మోకాలు. తొక్కడం ఆపేసి కుడి మోకాలు కాస్త బయటికి పెడతాడు. ఆ తర్వాతెప్పుడో వెనక్కి చూస్తాడు. చూస్తే చూస్తాడు, లేకపోతే లేదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. కాలవ వంతెన దిగగానే ఉన్న నాలుగు రోడ్ల కూడలిలో ముప్ఫై ఎనిమిదేళ్లు సైకిల్ షాపు నడిపాను. పంక్చర్లు వేస్తూ, చక్రాల వంకర తీస్తూ తలెత్తినప్పుడల్లా కనిపించింది ఆ కూడలే. వంతెన మీదుగా వచ్చేది భీమవరం రోడ్డు. దానికి ఎదురుగా చేపల మార్కెట్టుకి పోయే రోడ్డు. ఒక పక్క పాలకొల్లు రోడ్డు, ఇంకో పక్క మా పేట.

రోడ్డు వెడల్పు చేస్తామని షాపు పడగొట్టారు. గాలి పంపు ఉన్న చోట ఇప్పుడొక ఇనప స్తంభం ఉంది. దాని మీద ఒక కెమెరా. అది దొంగల కోసం పెట్టారని ఊళ్లో అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, ఒక మేడమ్ వచ్చి నన్ను టీ కొట్టు దగ్గర పట్టుకునేదాకా.

"ఇక్కడ సైకిల్ షాపు నడిపింది మీరేనాండీ?"

"నేనే. కూల్చేశారు. ఇంకేమన్నా కూల్చాలా?"

ఆవిడ నవ్వింది. అరగంట ప్రయాణంలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుందట. ఆ కెమెరా వాళ్లదే. "ఎవరు ఎటు తిరుగుతారో మీరు ముందే చెప్పేస్తారట కదండీ. టీ కొట్టాయన చెప్పారు."

"చెప్పి ఏం చెయ్యాలి? జాతకాలు రాయాలా?"

"ఇంచుమించు అదేనండి," అంది మేడమ్.

డ్రైవరు లేకుండా తనంతట తాను నడిచే కార్లు వస్తున్నాయట. అలాంటి కారు కూడలి దగ్గరికి వచ్చేసరికి, అక్కడున్న ప్రతి మనిషీ, ప్రతి సైకిలూ, ప్రతి బండీ మరో మూడు సెకన్లకు ఎక్కడుంటాయో దానికి తెలియాలి. తెలియాలంటే కంప్యూటరుకు వేల వీడియో ముక్కలు చూపించి నేర్పాలి. చూపించిన ప్రతిదాని మీదా ఒక మనిషి కూర్చుని 'వీడు నేరుగా పోతాడు', 'ఈమె ఆగుతుంది', 'ఈ ఆటో ఎడమకి తిరుగుతుంది' అని రాయాలి. కాలేజీ పిల్లలు రాస్తున్నారు గానీ ఒకరు రాసింది ఇంకొకరు రాసినదానితో కలవడం లేదట. "మా పిల్లలకి కార్లు తెలుసండీ. మనుషులే తెలీదు," అంది.

నేను బళ్లో చదివింది అయిదో తరగతి వరకే. మిగతా చదువు పొట్లాలు కట్టిన కాగితాల మీద, సైకిల్ సామాను డబ్బాల మీద అచ్చేసిన ఇంగ్లీషు మీద, శాఖా గ్రంథాలయం మూతపడేదాకా దాని బెంచీ మీద. అలాంటివాణ్ణి కాలేజీకి రమ్మన్నారు. దాచడం ఎందుకు, నాకు ఛాతీ పొంగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

వారానికి మూడు మధ్యాహ్నాలు. ఏసీ గదిలో తెర ముందు కుర్చీ. పక్కన ఒక అమ్మాయి, చివరి సంవత్సరం చదువుతోంది. నేను చెబుతాను, ఆ పిల్ల మీట నొక్కుతుంది. తెర మీద మా కూడలి. ప్రతి మనిషి చుట్టూ ఒక ఆకుపచ్చ పెట్టె. బొమ్మ కాసేపు కదిలి ఆగుతుంది. అప్పుడు నేను చెప్పాలి, ఎటు పోతాడో. చెప్పాక మళ్లీ కదులుతుంది. నిజమో కాదో తెలిసిపోతుంది.

"ఈ ఆటో?"

"పాలకొల్లు వైపు తిరుగుతాడు."

"ఇండికేటర్ ఎడమకి ఉంది కదా తాతగారూ?"

"అది సంక్రాంతి నుంచీ అలాగే వెలుగుతోందమ్మా. డ్రైవరు పాదం చూడు. కాలు బయటికి పెట్టాడు. తిరిగే వైపే పెడతాడు."

ఆటో తిరిగింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. కొబ్బరికాయల ట్రాక్టరు కుడికి పోవాలంటే ముందు ఎడమకి వంగుతుందని చెప్పాను. చీర కొంగు నడుములో దోపుకున్న మనిషి ఇక ఆగదని చెప్పాను. మెడకీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టిన వాడు తన ఇల్లు ఎడమకున్నా నేరుగా పోయి, కొంత దూరం వెళ్లాక నాలిక కరుచుకుని వెనక్కి వస్తాడని చెప్పాను. రొయ్యల మేత బస్తాలు వేసుకుని వంతెన దిగే మోపెడ్ వాడికి బ్రేకులు లేవనీ, ఉన్నా వెయ్యడనీ, అరుచుకుంటూ నేరుగా మార్కెట్టు రోడ్డుకే పోతాడనీ చెప్పాను. అన్నీ జరిగాయి. "మీరు రాయించిన లేబుల్స్ వచ్చాకే మా కంప్యూటర్ మోడల్‌కి బుద్ధి వస్తోందండీ," అంది మేడమ్. ముప్ఫై ఎనిమిదేళ్లు గ్రీజు చేతులతో చూసిన చూపు వృథా పోలేదనుకున్నాను. అప్పుడు అలాగే అనుకున్నాను మరి.

రెండో వారంలో ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ అడిగింది: "తాతగారూ, మీకు కన్‌ఫ్యూజన్ మామ్మని చూపించనా?"

"ఎవరావిడ?"

"రోజూ వస్తుందండీ. ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, వెనక్కి వెళ్తుంది. మళ్లీ వేస్తుంది. మేం అయిదుగురం అయిదు రకాలుగా రాశాం. ఆ క్లిప్పులన్నీ తీసేద్దామన్నారు మేడమ్."

తెర మీద మా అక్క.

తల మీద సత్తు పళ్లెంలో చేపలు. పేట వైపు అంచున, స్తంభం పక్కన నిలబడి ఉంది. ఒక అడుగు రోడ్డు మీదికి వేసింది. పాలకొల్లు వైపు నుంచి వచ్చే కారు కనబడగానే ఆ అడుగు వెనక్కి తీసుకుంది. మొహం పక్కకి తిప్పుకుంది. కారు పోయింది. మళ్లీ అడుగు. ఎదురు రోడ్డులోంచి పెట్టె పట్టుకుని ఎవరో పెద్దమనిషి బయల్దేరాడు. మళ్లీ వెనక్కి. కంప్యూటరు ఆమె పాదాల ముందు గీసే చుక్కల గీత, మూడు సెకన్ల తర్వాత ఆమె ఎక్కడుంటుందో చెప్పే గీత, వానపాములా మెలికలు తిరిగిపోతోంది.

"కన్‌ఫ్యూజన్ కాదు," అన్నాను. గొంతు పెద్దదైంది. గదిలో పిల్లలందరూ ఇటు తిరిగారు. "ఈ కూడలిలో కన్‌ఫ్యూజన్ లేని మనిషి ఎవరైనా ఉంటే ఆవిడొక్కతే. ఆవిడ నాకు స్వయానా అక్క."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "సారీ తాతగారూ" అని పదిసార్లంది. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు. ఎవరి మీదో నాకు బాగా తెలుసు, కానీ ఆ రోజు చెప్పలేదు.

వాళ్లకి చెప్పిన మేరకు చెబుతాను. మాది చేపలు పట్టే కుటుంబం. మా వైపు ఏదన్నా పని మీద బయల్దేరినప్పుడు, చేపల పళ్లెం నెత్తిన పెట్టుకుని బొట్టూ పువ్వులతో ఉన్న ఆడమనిషి ఎదురొస్తే అంతకు మించిన శకునం లేదు. మా అక్క వయసులో ఉన్నప్పుడు ఈ కూడలి ఆమె కోసం ఆగేది. అబద్ధం కాదు. భీమవరం వెళ్లే మొదటి బస్సు ఇంజను ఆన్ చేసి ఉంచి, ఆమె పేట రోడ్డులోంచి వచ్చి ఎదురుగా దాటేదాకా కదిలేది కాదు. పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లు ముందు రోజే కబురు పెట్టేవాళ్లు, ఫలానా వేళకి రమ్మని. "రాణీగారు వచ్చారు, ఇక పోనీ" అని కండక్టరు ఈల వేస్తే అక్క రోడ్డు మధ్యలో నిలబడి, "ఓ డ్రైవరు బాబూ, నేను రాకపోతే భీమవరం లేచిపోద్దా ఏంటి?" అనేది. బస్సంతా నవ్వేది. ఆ రోజుల్లో ఆమె ఎటూ చూడకుండా దాటేది. చూడాల్సిన పని లేదు. అందరూ ఆమెనే చూసేవాళ్లు.

తర్వాత బావ కామెర్లతో పోయాడు. ఏడాది తిరిగాక అక్క మళ్లీ పళ్లెం ఎత్తుకుంది. అదే పళ్లెం, అవే చేపలు, అదే వేళ. బొట్టు ఒక్కటే లేదు. అంతే తేడా. ఇక అప్పటి నుంచి ఆమె దాటబోతుంటే జనం ఆపేవారు. కొందరు మాటతో, కొందరు మొహం చిట్లించి. కొందరు మర్యాదస్తులు ఏమీ అనకుండా ఇంటికి వెనుదిరిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేవారు. వీళ్లని చూస్తేనే నాకు ఒళ్లు మండేది. తిట్టినవాడితో దెబ్బలాడొచ్చు, మంచినీళ్లు తాగేవాడితో ఏం దెబ్బలాడతాం?

అక్క నేర్చుకుంది. ఎవరు శుభం పని మీద బయల్దేరారో దూరం నుంచే పసిగట్టడం నేర్చుకుంది. బానెట్ మీద పసుపు, వెనక సీట్లో పట్టుచీర, ఒళ్లో ఇత్తడి బిందె, జేబులోంచి కనబడే హాలు టికెట్టు, రైలు పెట్టె. నలభై ఏళ్లుగా ఆ అంచున నిలబడి ఆమె చేస్తున్నది ఈ మేడమ్ కంప్యూటరుకి నేర్పాలనుకుంటున్న పనే. ఎవరు ఎటు పోతారు అని మాత్రమే కాదు, ఎందుకు పోతున్నారో కూడా ఆమెకి తెలియాలి. ఇందులో ఒక్క పొరపాటు జరిగినా మాట పడేది ఆమె.

ఇదంతా విని మేడమ్, "అయితే ఆ క్లిప్పులు తీసెయ్యొద్దండీ. మీరే రాయండి," అంది. మంచి మనసున్న మనిషి. నేను రాశాను. ఆ పిల్ల బొమ్మ ఆపుతుంది, నేను కారులో ఎవరున్నారో, ఆ పెద్దమనిషి చేతిలో ఏముందో చూసి, "ఆగుతుంది" అంటాను. బొమ్మ కదులుతుంది. అక్క ఆగుతుంది. ఒక్కటి తప్పలేదు. వారాల తరబడి అన్నాను. ఆగుతుంది. ఆగుతుంది. ఆగుతుంది. అక్కను చెత్తబుట్టలోంచి కాపాడానని గర్వంగా ఉండేది.

ఒకరోజు ఊరికే అడిగాను. "ఆవిడ ఆగుతుందని తెలిశాక మీ కారు ఏం చేస్తుందండీ?"

మేడమ్ వేరే తెర మీద ఏదో చూసుకుంటూ మామూలుగానే చెప్పింది. "ఆగుతుందని గ్యారంటీగా తెలిస్తే స్పీడు తగ్గించక్కర్లేదు కదండీ. దాని దారిన అది వెళ్లిపోతుంది."

నేను తెర మీద ఆగి ఉన్న అక్క వైపు తిరిగాను.

ఇన్నాళ్లూ ఆమెను ఆపినవాళ్లు మనుషులు. మనుషులు చచ్చిపోతారు, మారతారు, కనీసం సిగ్గుపడతారు. పేటలో కుర్రకారు చాలామందికి ఈ శకునాల పట్టింపే లేదు. మరో పదేళ్లకు మాసిపోయేదేమో. నేను దాన్ని యంత్రంలో పెట్టాను. బొట్టు లేని ఆడమనిషి పళ్లెంతో అంచున నిలబడితే ఆమె దారి ఇస్తుంది, నువ్వు పోవచ్చు అని నేర్పాను. దానికి ఇక అడగాల్సిన పని కూడా లేదు. మూతి ముడవదు, మంచినీళ్లు తాగదు. వేగం తగ్గించదు, అంతే.

"మార్చండి," అన్నాను. "దాటుతుంది అని రాయండి. అన్నింటికీ."

"దాటలేదు కదండీ."

"దాటాలి."

"దాటాలి అన్నది వేరండీ, దాటింది అన్నది వేరు." ఆవిడ గొంతు మెత్తగానే ఉంది. "జరగనిది రాస్తే, రేపు నిజంగా ఆగే మనిషి ముందు కారు అనవసరంగా ఆగిపోతుంది, వెనకవాడు గుద్దుతాడు. ఎవరికో దెబ్బ తగులుతుంది. జరిగిందే రాయాలండీ."

"మీరు చదువుకున్నవాళ్లు. ఆవిడ ఎందుకు ఆగుతుందో చెప్పాను. తెలిసీ అలాగే ఉంచుతారా?"

"తెలుసండీ. కానీ ఎందుకు అన్నది రాయడానికి అందులో గడి లేదు."

గడి లేదట. చాలా అరిచాను. నన్ను పిలిచి కుర్చీ వేసినందుకు నాలుగు మాటలన్నాను. ఆవిడ పడింది. చివరికి అడిగాను: "ఒక్కసారి, మధ్యలో ఆగకుండా, ఎదురుగా బండి ఉండగానే దాటిందనుకోండి. ఆ క్లిప్పు పెడతారా?"

"తప్పకుండా పెడతామండీ. అన్ని క్లిప్పుల్లో ఒక్కటి ఏ మూలకి వస్తుందో చెప్పలేను. కానీ పెడతాం."

ఒక్కటి చాలు. ఆ ఒక్కటి కావాలి. ఆ రోజు నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు.

అక్కది మా పక్క వాటా. నేను వెళ్లేసరికి పళ్లెం కడిగి గోడకు ఆనిస్తోంది.

"ఏరా, కాలేజీ అయిపోయిందా? ఈసారన్నా పరీచ్చ పాసయ్యావా?"

ఈ ఎగతాళి నలభై ఏళ్ల నాటిది. ఆమె ఎప్పుడు అన్నా నవ్వేసేవాణ్ణి. ఆ రోజు నవ్వలేదు. విషయం చెప్పాను, నాకు చేతనైనంత తేటగా. కెమెరా, కంప్యూటరు, డ్రైవరు లేని కారు, నేను రాసింది. అంతా విని ఆమె అడిగింది: "డ్రైవరు లేని కారుకి శకునం ఎందుకురా?"

"దానికి అక్కర్లేదు. నువ్వు ఆగుతావని మాత్రం దానికి తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నేనే."

అక్క పళ్లెం వైపు చూసి, నా వైపు చూసి, "నువ్వే చెప్పాల్లే," అంది. "మొదట చెప్పిందీ నువ్వే గదా."

ఇక దాచి లాభం లేదు. కాలేజీలో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. జనం ఆపారు, జనం ఆపారు అని నేను లోకమంతా తిరిగి చెప్పుకున్నాను. టీ కొట్టు దగ్గర శకునాల మీద ఉపన్యాసాలు ఇచ్చాను. పత్రికలకు ఉత్తరాలు రాశాను, రెండు అచ్చయ్యాయి కూడా. అక్కను ఆ కూడలిలో మొట్టమొదట ఆపింది జనం కాదు.

ముప్ఫై దాటాక ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష కట్టాను. సెంటరు భీమవరం. మొదటి రోజు పొద్దున్నే మార్కెట్టు రోడ్డు మూలన, బస్సు ఆగే చోట నిలబడి ఉన్నాను. జేబులో హాలు టికెట్టు. అక్క మళ్లీ పళ్లెం ఎత్తుకుని నాలుగు రోజులో, అయిదు రోజులో అయింది. పేట రోడ్డులోంచి వస్తూ నన్ను చూసింది. నవ్వింది. తమ్ముడు పరీక్షకు వెళ్తున్నాడు, ఎదురు రావాలని నడక పెంచింది. పాత అలవాటు. తను ఇప్పుడు ఎదురు రాకూడని మనిషని ఆమెకింకా గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది. నా కుడి చెయ్యి లేచింది, అరచెయ్యి ఆమె వైపు పెట్టి. ఒక్క మాట కూడా అనలేదు. రోడ్డు మధ్య ఆమె ఆగిపోయింది. కాసేపు నా చేతినే చూసింది. తర్వాత వెనక్కి నడిచి, మా షాపు గాలి పంపు పక్కన, మొహం గోడ వైపు తిప్పి నిలబడింది. బస్సు వచ్చింది. ఎక్కాను. లెక్కల్లో తప్పాను.

ఆ తర్వాత జనం ఆపడం మొదలుపెట్టారు. సొంత తమ్ముడే ఆపితే ఊరికేం పట్టింది?

ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పరీక్ష పేరుతో ఎగతాళి చేసేది, అంతే.

"ఒక్కసారి దాటు అక్కా," అన్నాను. "ఎవరి మొహం చూడొద్దు. ఆగొద్దు."

"డెబ్బై దాటినాక ఇప్పుడు నన్ను రాణీగారిని చేత్తావా?"

"ఒక్కసారి."

పళ్లెం అంచు కొంగుతో తుడిచింది. "దాటతాను. కానీ నువ్వు ఆ మూలనే నిలబడాల. ఆపిన చోటే నిలబడి రమ్మనాల. నిన్నే చూత్తా వత్తాను. ఇంకెవర్నీ చూడను."

"అలాగే."

"సెయ్యి మాత్రం కింద పెట్టుకో," అంది. నవ్వుతూనే అంది.

శుక్రవారం పొద్దున ఏడు గంటలు. ఎండ అప్పుడే రోడ్డు మీద పడుతోంది. ఐసు ఆటోల నుంచి కారిన నీళ్లు కూడలంతా మెరుస్తున్నాయి. నేను మార్కెట్టు రోడ్డు మూలన నిలబడ్డాను. పేట రోడ్డులోంచి అక్క వచ్చింది. స్తంభం దగ్గర అలవాటుగా ఒక్క క్షణం తటపటాయించింది. నేను తలూపాను. రోడ్డు మీదికి దిగింది.

సరిగ్గా అప్పుడే పాలకొల్లు వైపు నుంచి కొత్త కారు. బానెట్ మీద బంతిపూల దండ, అద్దానికి పసుపు బొట్టు. మరో రోజైతే ఆమె ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయేది. వెళ్లలేదు. కారు ఆగింది. వెనక అద్దం దించి ఒకావిడ తల బయటపెట్టింది. "మామ్మగారూ, ఏమనుకోకండేం. ఒక్క నిమిషం ఆగుతారా, మేం వెళ్లిపోతాం." ఎంత మర్యాదగా అడిగిందో. అక్క ఆమె వైపు చూడలేదు. ఆ దండ ముందు నుంచే నడిచింది. ఒక అడుగు, మరొకటి. చూపు నా మీదే. నలభై ఏళ్ల కింద నవ్వినట్టే నవ్వుతోంది. సగం రోడ్డు దాటింది. ఇంకో ఆరడుగులు.

వంతెన మీద కేక వినిపించింది. మేత బస్తాల మోపెడ్. ముందు రెండు, వెనక మూడు బస్తాలు. వాడు బ్రేకు వెయ్యడు. నేరుగా మార్కెట్టు రోడ్డుకే వస్తాడు. ఎన్నిసార్లు రాయించాను, నాకు తెలియదా? అక్క వాడి దారిలోకి నడుస్తోంది. వాణ్ణి చూడటం లేదు. ఎవర్నీ చూడనని మాట ఇచ్చింది.

నా చెయ్యి లేచింది. అరచెయ్యి ఆమె వైపు.

అక్క ఆగిపోయింది.

మోపెడ్ కూడలి మొదట్లోనే పాలకొల్లు రోడ్డుకి తిరిగిపోయింది. ఆ రోజు వాడి చెరువు అటువైపేమో. అక్క దరిదాపులకి కూడా రాలేదు. ఆమె ఆగకుండా నడిచి ఉంటే ఆపాటికి నా పక్కన ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్లు చూసిన కళ్లు, కాలేజీవాళ్లు పిలిచి కుర్చీ వేసిన కళ్లు, ఆ ఒక్క మోపెడ్‌ని చదవలేకపోయాయి.

చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దించడం మర్చిపోయాను. అక్క దాన్ని చూసింది. మోపెడ్ పోయిన వైపు చూడలేదు, అసలు ఏ మోపెడ్ వచ్చిందో ఆమెకు తెలియదు. ఆమె మొహంలో నవ్వు ఎలా పోయిందో రాయడం నా వల్ల కాదు. తల మీద పళ్లెం సర్దుకుంది. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్లి, స్తంభం పక్కన నిలబడింది. మొహం గోడ వైపు. ఇప్పుడక్కడ గోడ కూడా లేదు.

"థాంక్సండీ మామ్మగారూ," అంది కారులోని ఆవిడ. కారు పోయింది.

నేను పరిగెత్తాను, ఆ వయసులో పరుగు అంటే ఏముంటుంది. "మోపెడ్ అక్కా, మోపెడ్ వచ్చింది," అని ఏదో అన్నాను. "సర్లేరా, బేరానికి ఆలస్యమవుద్ది," అంది. రోడ్డు ఖాళీ అయ్యాక దాటుకుని మార్కెట్టుకి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు నేను. ఏ మొహంతో అడుగుతాను?

మధ్యాహ్నం కాలేజీకి వెళ్లాను. వెళ్లకూడదనుకున్నాను గానీ, చూడాలి. ఆ పిల్ల అప్పటికే ఆ ముక్క తీసి ఉంచింది. మేడమ్ కూడా ఉంది. బొమ్మ నడిచింది. కారు, దండ, అక్క. "చూశారా, ఈసారి దాటబోయారండీ!" అంది మేడమ్ ఉత్సాహంగా. ఇంకాస్త నడిచింది. అక్క ఆగింది. "అయ్యో. సగంలో ఏ కారణం లేకుండా ఆగిపోయారు చూడండి."

"కారణం నేను," అన్నాను. "చెయ్యెత్తాను."

ముగ్గురం తెర మొత్తం వెతికాం. బస్సు ఆగే మూల దాకా కెమెరా చూపు రాదు. నేను లేను. నా చెయ్యి లేదు. మార్కెట్టు రోడ్డు తెల్లగా మొదలై తెర అంచున తెగిపోయింది.

"ఫ్రేములో లేనిది మోడల్‌కి ఇవ్వలేమండీ," అంది మేడమ్. బాధగానే అంది.

"తాతగారూ, ఇది చూడండి," అంది ఆ పిల్ల. దానికేం తెలుసు, మెచ్చుకుంటాననుకుంది. బొమ్మను వెనక్కి తిప్పి చుక్కల గీత వేసి చూపించింది. అక్క నా వైపు నవ్వుతూ కారు ముందు నుంచి నడుస్తోంది. కాళ్లు ముందుకే పడుతున్నాయి. వంతెన మీద మోపెడ్ ఇంకా రాలేదు. నా చెయ్యి ఇంకా లేవలేదు. ఆమె పాదాల ముందున్న గీత మాత్రం అప్పటికే అరడుగు దగ్గర ఆగిపోయి, వెనక్కి, స్తంభం వైపు వంగి ఉంది. "ముందే పట్టేసింది! మీరు నేర్పిందే," అంది.

మీట మీద వేలు పెట్టి అడిగింది. "ఏం రాయమంటారు?"

కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఏం రాయిస్తాను? జరిగిందే రాయాలి. "ఆగింది," అన్నాను. మీట నొక్కింది. ఆ తర్వాత మళ్లీ కాలేజీకి వెళ్లలేదు. మేడమ్ రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. నేను వెళ్లకపోతే ఆ పని ఆగదు. నా కళ్లు వాళ్ల దగ్గర ఉండిపోయాయి.

ఆ సాయంత్రం అక్క వాకిట్లో కూర్చుని మిగిలిన కొర్రమీను పొలుసు గీకుతోంది. నేను వెళ్లి గడప మీద కూర్చున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"పడిందా బొమ్మ?"

"పడింది."

"దాటినట్టా, ఆగినట్టా?"

"ఆగినట్టు."

కత్తి ఒకటి రెండుసార్లు పైకీ కిందకీ పోయింది. పొలుసులు ఆమె ముంజేతి మీద అతుక్కున్నాయి.

"నీ సెయ్యి పడిందా?"

"లేదక్కా. అక్కడిదాకా కెమెరా రాదు."

"ఎప్పుడు పడింది గనక," అని చేపను రెండో పక్కకి తిప్పింది.